ఎడారి బండి, వీధి జీపు

జీపుకు బయట ఏమేమి బిగించాలి అని అడిగే యువకులు మన ఊళ్ళలో ఎందరో ఉన్నారు. ఏమేమి విప్పాలి అని అడిగినవాడు మాత్రం ఇంతవరకు నాకు తటస్థపడలేదు. దూరప్రయాణాలకు వాహనాన్ని సిద్ధం చేయడమనే విద్యకు ఆద్యులనదగిన వారిలో ఒకరు ఈ రెండవ ప్రశ్నతోనే పని ప్రారంభించారు.

ఆయన పేరు రాల్ఫ్ బాగ్నోల్డ్. బ్రిటిషు సైనికాధికారి. 1920, 30 దశకాలలో సామాన్యమైన ఫోర్డు కార్లలో లిబియా ఇసుక సముద్రంలోనికి ప్రవేశించిన సాహసి. ఎడారిలో ప్రతి శేరు బరువూ చక్రాన్ని ఇసుకలోకి దించుతుంది. 1940లో ఈజిప్టులో ఆయన నెలకొల్పిన ఎడారి దళం తన షెవ్రొలే ట్రక్కుల తలుపులు, పైకప్పులు, ముందు అద్దాలు తొలగించింది. ఇక చేర్చినవన్నీ అవసరం చెప్పగా చేర్చినవే. రేడియేటరులో నీరు మరిగి ఆవిరైపోతూంటే ఒక గొట్టం ద్వారా ఆ ఆవిరిని బయట అమర్చిన నీటి డబ్బాలోనికి పంపారు. ఇంజను చల్లబడగానే ఆ నీరు తిరిగి రేడియేటరులోనికే పీల్చుకొనబడేది. గుక్కెడు నీరు ప్రాణంతో సమానమైన చోట ఇది ఎంత గొప్ప ఊహ! ఇసుకలో కూరుకున్న చక్రాల క్రింద పరచడానికి ఉక్కు పట్టాలు మోసుకెళ్ళేవారు. అవి మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల పైకప్పులకు వాడిన సామగ్రి. కైరోలోని పాత ఇనుప దుకాణంలో దొరికాయి. బండిలోని ఇనుము దిక్సూచిని తప్పుదారి పట్టిస్తుంది కనుక నీడనుబట్టి దిక్కు చెప్పే సూర్యయంత్రాన్ని అమర్చుకున్నారు. వీటిలో ఒక్కటైనా చూపరుల కోసం పెట్టినది కాదు.

మన వీధి జీపుల సంగతి వేరు. ముందు ఉక్కు గార్డు, ప్రక్కన ఏనుగు తొండం వంటి గాలి గొట్టం, నెత్తిన ఇనుప పంజరం, అందులో ఖాళీ డబ్బాలు. ఆ గొట్టం నిష్ప్రయోజనమని నేననను. వాగు దాటేటప్పుడు ఇంజనులోనికి నీరు చేరితే, నీరు గాలివలె కుదించుకొనదు గనుక, లోపలి కడ్డీలు వంగిపోతాయి. కాని వాగే లేనివానికి గొట్టమెందుకు? నెత్తిన బరువు పెరిగినకొద్దీ మలుపులో బండి బోల్తాపడే అవకాశం పెరుగుతుందన్నది మన లగేజీ ఆటోలను చూసిన పిల్లవానికైనా తెలుసు.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది ఆ గార్డు. రాత్రివేళ గేదెలు అడ్డువస్తాయి, అది లేకుంటే ఎట్లా అంటారు. ఆస్ట్రేలియాలో కంగారూల భయంచేత ఇటువంటివి వాడుతున్న మాట నిజమే. కాని అక్కడి నిర్జన ప్రాంతపు రోడ్డు మీద బడిపిల్లలు నడవరు. ఢీకొన్నప్పుడు తాను నలిగి దెబ్బ తీవ్రతను తగ్గించేందుకే బండి ముందుభాగాన్ని రూపొందిస్తారు. గార్డు నలగదు. ఆ దెబ్బ పూర్తిగా ఎదుటి మనిషికే చేరుతుంది. లోపలివారిని కాపాడవలసిన గాలిసంచీ కూడా సమయానికి విచ్చుకొనకపోవచ్చు. అందుకే 2017 డిసెంబరులో కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ వీటిపై చర్య తీసుకొమ్మని రాష్ట్రాలకు వ్రాసింది. తయారీదారు నిర్దేశించినదానికి భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెప్పనే చెబుతున్నది. చట్టం ఉన్నది, గార్డులూ ఉన్నాయి.

మొన్న నా పూర్వవిద్యార్థి ఒకడు తన జీపును చూపడానికి ఇంటికి వచ్చాడు. లడఖ్ వెళ్తాడట. ఎప్పుడని అడిగితే నవ్వాడు. మూడవ తరగతి చదువుతున్న మా అమ్మాయి ఆ గార్డు ముందు నిలబడి దాని మెరుపులో తన ముఖం చూసుకుంటున్నది. పై కడ్డీ సరిగ్గా దాని గొంతు ఎత్తున ఉన్నది. నేనేమీ అనలేదు; అతడే చూశాడు. ‘‘ఆదివారం విప్పిస్తాను సార్’’ అన్నాడు. ఈ వ్యాసం వ్రాసేనాటికి మూడు ఆదివారాలు గడిచాయి.