ఇచ్చే ఉద్దేశం లేని వాపసు

అమెరికా తాత్కాలిక (వలసేతర) వీసా మంజూరైన ప్రతి విదేశీయుడూ అదనంగా 250 డాలర్లు కట్టాలన్న నిబంధన 2025 జులై 4న అధ్యక్షుడు ట్రంప్ సంతకంతో చట్టమైంది. వీసా ఇంటెగ్రిటీ ఫీజు అని దానికి పేరు పెట్టారు. చుట్టపుచూపుగా వెళ్లేవారు, చదువుకోబోయేవారు, ఉద్యోగానికి వెళ్లేవారు అందరూ కట్టాల్సిందే. ఇంత భారం ఎందుకని అడిగితే, చట్టాన్ని వెనకేసుకొచ్చేవారు ఒకటే మాట చెబుతున్నారు: ఇది హామీగా ఉంచుకునే డిపాజిట్ మాత్రమే, నిబంధనలు పాటించి గడువులోగా వెనుదిరిగినవారికి తిరిగి ఇచ్చేస్తాం. ఫీజు కన్నా ఈ సమాధానమే మాకు ఎక్కువ అభ్యంతరకరం. అది నిజం కాదు. నిజం కాదని చట్టం చేసినవారికీ తెలుసు.

డబ్బు తిరిగి ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత అని ఈ చట్టం ఎక్కడా చెప్పలేదు. ఇవ్వాలో వద్దో హోంలాండ్ సెక్యూరిటీ మంత్రి విచక్షణకు వదిలేసింది. ఆ విచక్షణ కూడా వీసా కాలపరిమితి ముగిశాకే మొదలవుతుంది. భారతీయులకు సాధారణంగా ఇచ్చే పర్యాటక వీసా పదేళ్లది. కూతురి పురిటికి వెళ్లి, అధికారి ఇచ్చిన ఆరు నెలలు నిండకముందే గుంటూరుకో కరీంనగర్‌కో తిరిగొచ్చేసిన తల్లి ఉందనుకుందాం. ఆమె తప్పేమీ చేయలేదు, చెప్పిన గడువుకన్నా ముందే వచ్చేసింది. అయినా తన 250 డాలర్ల కోసం ఆమె పదేళ్లు ఎదురుచూడాలి. అరవై అయిదేళ్ల వయసులో వీసా తీసుకుంటే డెబ్భై అయిదో ఏట దరఖాస్తు చేసుకోవాలి. ఆ లోపు ఆమె కన్నుమూస్తే ఆ సొమ్ము ఎవరిని అడగాలి? అద్దె ఇంటి యజమాని అడ్వాన్సు తీసుకుంటే ఇల్లు ఖాళీ చేసిన రోజునో, ఆ నెలాఖరుకో తిరిగి ఇస్తాడు. పదేళ్ల తర్వాత రమ్మంటే అది అడ్వాన్సు అని ఎవరూ నమ్మరు.

ఎదురుచూసినా సరిపోదు, రుజువు చేసుకోవాలి. వీసా షరతులన్నీ పాటించానని, అనుమతి లేని ఉద్యోగం ఏదీ చేయలేదని నిరూపించాల్సిన భారం దరఖాస్తుదారుదే. చేయని పనిని చేయలేదని ఏ కాగితంతో నిరూపిస్తారు? అమెరికా విమానాశ్రయాల్లో తిరుగు ప్రయాణికుల పాస్‌పోర్టుపై ముద్ర వేసే పద్ధతే లేదు. విమానయాన సంస్థలు పంపే జాబితాల నుంచి ఎవరు ఎప్పుడు వెళ్లారో ప్రభుత్వమే నమోదు చేసుకుంటుంది. ఆ సమాచారం తన దగ్గరే పెట్టుకుని, సాక్ష్యం మాత్రం మీరే తెమ్మనడం ఏ న్యాయం? పైగా మనుమరాలికి జబ్బు చేసిందనో, తనకే ఒంట్లో బాగాలేదనో ఉండే గడువు పొడిగించమని పద్ధతి ప్రకారం అడిగిన మనిషి, ఆ అర్జీ మంజూరు కాకపోతే వాపసుకు అర్హత కోల్పోయే పరిస్థితి. దొంగచాటుగా ఉండిపోనందుకు, చట్టప్రకారం అడిగినందుకు ఇది శిక్ష.

ఈ చిక్కులు పొరపాటున వచ్చాయని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. బిల్లు రూపుదిద్దుకుంటున్నప్పుడే అమెరికా కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం లెక్క కట్టింది. ఈ ఫీజు వల్ల పదేళ్లలో ఖజానాకు సుమారు 2,890 కోట్ల డాలర్లు సమకూరుతాయని అంచనా వేసింది. చాలా వీసాల కాలపరిమితి ఏళ్ల తరబడి ఉంటుంది కాబట్టి డబ్బు వెనక్కి అడిగేవారు కొద్దిమందే ఉంటారని, వాపసు యంత్రాంగం ఏర్పాటుకే కొన్నేళ్లు పడుతుందని కూడా చెప్పింది. చట్టసభ సొంత లెక్కల విభాగమే ఈ మాట చెప్పాక, దాన్ని పక్కన పెట్టుకునే సభ్యులు ఓటేశారు. అడగనివారి సొమ్ము సాధారణ ఖజానాలో కలిసిపోతుందని చట్టంలోనే రాసుకున్నారు. తిరిగి ఇవ్వాల్సిన డిపాజిట్‌ను ఎవరూ ఆదాయంగా లెక్కేసుకోరు. వీరు లెక్కేసుకున్నారు. ఆ తర్వాత కూడా ఇది తిరిగి వచ్చే డబ్బేనని ప్రపంచానికి చెప్పడం మోసం. అంతకన్నా మెత్తని మాట మాకు దొరకడం లేదు.

గడువు మీరి ఉండిపోయేవారి సమస్య నిజమే; దాన్ని అరికట్టే హక్కు ఏ దేశానికైనా ఉంటుంది. కానీ హోంలాండ్ సెక్యూరిటీ శాఖ సొంత నివేదిక ప్రకారం 2023 ఆర్థిక సంవత్సరంలో అలా ఉండిపోయినవారు 1.45 శాతం. ఆ కొద్దిమందిని చూపి మిగిలిన తొంభై ఎనిమిది శాతం మంది నుంచి వసూలుకు చట్టం చేశారు. అదీ అందరి నుంచీ కాదు. వీసా లేకుండా 90 రోజులు తిరిగే వెసులుబాటు దాదాపు 40 దేశాలకు ఉంది. పశ్చిమ ఐరోపా, జపాన్, ఆస్ట్రేలియా అందులోవే. అక్కడి నుంచి వచ్చి ఉండిపోయేవారూ అదే నివేదికల్లో ఏటా కనిపిస్తున్నారు, వారికి ఈ డిపాజిట్ లేదు. భారత్, బ్రెజిల్, నైజీరియా పౌరుల సత్ప్రవర్తనకే పూచీ కావలసి వచ్చింది.

తెలుగువారికి ఇది దూరపు వార్త కాదు. దరఖాస్తుకు 185 డాలర్లు, దానికి ఈ 250 కలిపితే మనిషికి 435 డాలర్లు. పిల్లల్ని చూడబోయే దంపతులకు డెబ్భై వేల రూపాయలు పైబడిన ఖర్చు, ఇంకా విమానం టికెట్టు కొనకముందే. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌కు రాను పోను ప్రయాణం, బస అదనం. తెలుగునాట ఆ వరుసలో నిలబడేవారిలో రిటైరైన మాస్టార్లు ఉన్నారు, పిల్లల చదువు కోసం పొలం అమ్ముకున్న రైతులు ఉన్నారు.

మన విదేశాంగ శాఖ ఈ విషయంలో గట్టిగా మాట్లాడాలి. తమ మహాసభలకు మన మంత్రులను, ఎమ్మెల్యేలను ఆహ్వానించే తానా, ఆటా వంటి అమెరికా తెలుగు సంఘాలు తమ ప్రాంత కాంగ్రెస్ సభ్యుల తలుపు తట్టాలి. ఆ సంఘాల సభ్యుల్లో ఓటు హక్కున్నవారు వేలల్లో ఉన్నారు. అడగవలసింది ఒక్కటే. డిపాజిట్ అన్నారు గనుక, ప్రయాణికుడు గడువులోగా దేశం దాటినట్టు తమ రికార్డులో నమోదైన వెంటనే, అర్జీ అవసరం లేకుండా, కట్టిన ఖాతాలోకే ఆ 250 డాలర్లు వెనక్కి పంపాలి. అలా పంపేందుకు సిద్ధంగా లేకపోతే ఈ నిబంధనను చట్టం నుంచి తీసేయాలి.