ముందు సిస్టర్ గారు కంప్యూటర్ ముందు కూర్చోవాలి

నేను చదివింది తమిళ మీడియం, తెలుగు రాయడం తరవాత నేర్చుకున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

పోయిన నెల మా ఆవిడని జ్వరంతో ఆస్పత్రిలో చేర్చాం. ఏ ఆస్పత్రో చెప్పను. అదే వార్డులో ఇంకో లక్ష్మి ఉంది. ఆవిడ రక్తపరీక్ష రిపోర్టు మా ఆవిడ కేస్ షీట్‌లోకి వచ్చింది. ఇంజెక్షన్ ఇవ్వబోతూ ఒక చిన్న నర్సు వయసు అడిగింది కాబట్టి బయటపడింది. ఈ సంగతి రాసిపెట్టమ్మా అన్నాను. "రాస్తే నాకే మెమో వస్తుంది అంకుల్" అంది.

ఆ భయం నాకు తెలుసు. బుకింగ్ కౌంటర్‌లో లెక్క తప్పితే ఎర్రర్ షీట్ వచ్చేది, డబ్బు మన జేబులోంచే కట్టాలి. తప్పు దాచడం అలాగే నేర్చుకున్నాం. కానీ అదే రైల్వేలో రెండు బళ్లు గుద్దుకోబోయి ఆగిపోయినా ప్రమాదాల జాబితాలోనే రాసి విచారణ చేస్తారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు కదా అని వదలరు. ఆస్పత్రికి కావలసింది ఈ రెండో పద్ధతి.

వార్డులో కంప్యూటర్ ఉంది. సిస్టర్ ఇన్‌చార్జి గారు దాని జోలికి పోరు. మంచి మనిషి, చెయ్యి పట్టుకుని జ్వరం ఎంతో చెప్పేస్తారు. డ్యూటీ దిగేముందు చిన్న నర్సులు రిజిస్టర్ చూసి అన్నీ ఒకేసారి ఎక్కిస్తారు, అందరికీ ఒకటే పాస్‌వర్డ్. పెద్దావిడే పట్టించుకోకపోతే వాళ్లకి అది పై ఆఫీసుకి లెక్కలు పంపే పెట్టె, అంతే. పేషెంట్‌ని కాపాడే పని కూడా దానిదేనని ఎవరికి తోస్తుంది?

మన కొరాపుట్, రాయగడల్లో ఇది మరీ అవసరం. ఆదివాసీల్లో సోమ, బుద్ర, సుక్ర అని వారాల పేర్లు, మనలో లక్ష్ములు, అప్పారావులు. కువి మాట్లాడే ముసలాయన్ని ఒడియాలో ఏ పేరు పెట్టి అడిగినా తల ఊపుతాడు. మందు ఇచ్చేముందు కనీసం రెండు గుర్తులు సరిచూడాలని, గది నంబర్ అందులో లెక్కకు రాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే చెప్పింది. పేరుతో పాటు రిజిస్ట్రేషన్ నంబర్ చూస్తే చాలు.

మా కౌంటర్‌కి కంప్యూటర్ వచ్చినప్పుడు రిటైర్‌మెంట్ దగ్గరపడిన మా సూపర్‌వైజర్ గారే ముందు కూర్చున్నారు, రెండు వేళ్లతో కొడుతూ. ఇక మేం ఎవరం నోరెత్తలేదు.

రోగీ కల్యాణ సమితిలో మనకు తెలిసినవాళ్లుంటే ఇది అడిగించండి. శిక్షణ ముందు సిస్టర్ ఇన్‌చార్జిలకి, అదీ డ్యూటీ గంటల్లో. ఎవరి పాస్‌వర్డ్ వాళ్లకి. పొరపాటు తనంతట తాను రాసిన నర్సుకి మెమో ఉండదని సూపరింటెండెంట్ సంతకంతో ఒక కాగితం. నర్సులే తక్కువ, ఇవన్నీ ఎవరు చేస్తారంటారు. నిజమే. ఒకటే లెక్క రిజిస్టర్‌లో ఒకసారి, కంప్యూటర్‌లో ఒకసారి రాయడం మానిపిస్తే కొంత టైం అక్కడే దొరుకుతుంది.

మా ఆవిడ ఇప్పుడు బాగానే ఉంది. తన రిపోర్టు ఆ ఇంకో లక్ష్మి గారి షీట్‌లోకి వెళ్లిందేమో అడిగేలోపే మమ్మల్ని డిశ్చార్జ్ చేసేశారు.