వెబ్‌సైట్ మనది, పట్టా ఎవరిది?

దుకాణం మనది. చెమట మనది. కట్టిన పైసలు మనవి. మరి మన దుకాణం పేరుతో ఉన్న వెబ్‌సైట్ ఎవరిది? ఈ మాట అడగకుండానే మన చిన్న వ్యాపారస్తులు వేలకు వేలు పోస్తున్నారు. కంప్యూటర్ చదువులు చదివి ఈ పని చేసిపెడుతున్న పిల్లలు మన వాడల్లోనూ ఉన్నారు. ఇద్దరితోనూ మాట్లాడాలి.

భూమి సంగతి మనకు కొత్త కాదు. ఎన్నేండ్లు దున్నినా కాగితం మీద పేరు లేకపోతే ఒకరోజు గట్టు దిగి పొమ్మంటారు. వెబ్‌సైట్‌కు ఆ కాగితమే డొమైన్, అంటే ఫోన్లో కొట్టే దుకాణం పేరు. దాన్ని శాశ్వతంగా కొనలేం. ఏడాది నుంచి పదేండ్ల దాకా గడువు కట్టుకోవాలి. గడువు దాటినా కట్టకపోతే కొన్నాళ్లకు ఆ పేరు ఇంకెవరైనా తీసుకోవచ్చు. ఎవరి పేరున, ఎవరి ఈమెయిల్‌తో రాయిస్తే తాళంచెవి వాళ్లదే.

మా బడిలో చదువుకున్న ఒక పిల్లవాడు ఇప్పుడు తోలు చెప్పులు కుట్టి అమ్ముతున్నాడు. పట్నం ఆయన ఒకరు అతనికి వెబ్‌సైట్ చేసిచ్చి, డొమైన్ మాత్రం తన పేరున పెట్టుకున్నాడు. మూడో ఏడు రెండింతలు అడిగాడు. ఇవ్వలేనంటే సైటు ఆపేశాడు. సంచుల మీద, కార్డుల మీద అచ్చేయించుకున్న పేరు ఎందుకూ పనికిరాకుండా పోయింది. దీన్ని వ్యాపారమంటారా, వెట్టి అంటారా?

వెబ్ ఎవడబ్బ సొత్తూ కాదు. అది పుట్టిన యూరప్‌లోని సెర్న్ సంస్థే 1993 ఏప్రిల్ 30న, ఎవరైనా పైసా కట్టకుండా వాడుకోవచ్చని రాసిచ్చింది. సైటు భద్రతకు కావాల్సిన సర్టిఫికెట్‌ను కూడా లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ 2015 నుంచి ఉచితంగా ఇస్తోంది. ఆ సర్టిఫికెట్టుకే వేలు అడిగితే, ఎందుకని నిలదీయండి.

అసలు వెబ్‌సైట్ అందరికీ కావాలా? అక్కర్లేదు. చాయ్ బండికి, ఊళ్లోని కిరాణా కొట్టుకు గూగుల్ మ్యాప్‌లో పేరు, ఫోన్ నంబరు, తెరిచే వేళలు ఎక్కిస్తే చాలు. దానికి ఖర్చు లేదు. ఆ మాట నిజంగా చెప్పి పంపడమే పని నేర్చినవాడి నీతి. బయటి ఊళ్ల నుంచి గిరాకీ రావాల్సినవాడికే వెబ్‌సైట్ కావాలి.

అది ఎట్లుండాలి? ముందు దుకాణంలో ఒక రోజు కూర్చోండి. గిరాకీదారు ఏమడుగుతున్నాడో వినండి. చెప్పుల దగ్గరికొచ్చినవాడు ధర అడుగుతాడు, నా కాలికి సరిపోతదా అంటాడు, ఎన్ని రోజులకిస్తవంటాడు. కాగితం మీద కాలు పెట్టి పెన్సిల్‌తో గీత గీసి, ఆ కొలత ఎట్లా పంపాలో చూపించే పేజీ అతనికి కావాలి. టెంట్‌హౌస్ అయితే ఏ తేదీ ఖాళీ, ఎన్ని కుర్చీలు, మా ఊరికి బండి కిరాయి ఎంత అని అడుగుతారు. ఒక్కో దుకాణానికి ఒక్కో తీరు. అన్నింటికీ ఒకే అచ్చు గుద్దితే ఎట్లా?

ఇప్పుడు గుద్దుతున్నది అదే. పైన గిరగిరా తిరిగే బొమ్మలు. కోట్లు తొడుక్కుని చేతులు కలుపుకునే తెల్లోళ్ల ఫోటో. యజమానే చదవలేని ఇంగ్లీషులో ‘అవర్ విజన్, అవర్ మిషన్’. ధర మాత్రం ఎక్కడా కనబడదు. తెలుగులో రాయడానికి ఏం రోగం? డొమైన్ పేరు చివర కూడా తెలుగులో .భారత్ అని పెట్టుకునే వీలుంది.

ఇంకో మాట. ఫోన్లో తీసిన ఫోటో ఒక్కోటి మూడు నాలుగు ఎంబీలుంటుంది. పది పెడితే ముప్పై నలభై ఎంబీలు. సిగ్నల్ ఒక గీతే ఉండే ఊళ్లో అది తెరుచుకునేలోపు గిరాకీ పోతుంది. ఒక్కోటి రెండొందల కేబీకి తగ్గిస్తే పదీ కలిపి రెండు ఎంబీలే.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! పని చేసినందుకు కూలి గట్టిగానే తీసుకోండి, తప్పులేదు. కానీ డొమైన్ యజమాని పేరున, యజమాని ఈమెయిల్‌తో రాయించండి. పాస్‌వర్డులు కాగితం మీద రాసి ఆయన చేతికివ్వండి. సైటు మొత్తం నకలు ఒక పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. ధర మార్చడం, ఫోటో మార్చడం ఆయనకో, ఇంట్లో చదువుకున్న బిడ్డకో నేర్పండి. ప్రతి చిన్న మార్పుకూ మీ గడప తొక్కేటట్లు చేస్తే మీరు కొత్త దొరలవుతారు.

కార్యకర్తలకు ఒక పని. మీ మండలంలో వెబ్‌సైట్ ఉన్న మన చిన్న వ్యాపారస్తులను వచ్చే మీటింగులోపే కలవండి. డొమైన్ ఎవరి పేరున ఉంది, గడువు ఏ తేదీకి తీరుతుంది, ఈ రెండూ అడిగి రాసుకోండి. పేరు వేరేవాళ్లదయితే, గడువు తీరకముందే నలుగురు కలిసి వెళ్లి మార్పించండి.