మార్కాపురపు పలకలును గూడ్సుపెట్టెలును

ఒకప్పుడు దేశమందలి బడిపిల్లల చేతులలోని పలకలు పెక్కు మార్కాపురపు గనులనుండి వెడలినవే. గుంటూరునుండి గుంతకల్లునకు పోవు రైలుమార్గము మార్కాపురము రోడ్డు, కంభము, గిద్దలూరులమీదుగనే సాగుచున్నది. 1990వ దశకమున మీటరుగేజి బ్రాడ్‌గేజిగా మారినది. అయినను పలకల వర్తకుడు లారీనే పిలుచుచున్నాడేల?

గూడ్సుబండి యనగా ఇంచుమించు నలుబది పెట్టెలు. పెట్టెకు సుమారు 60 టన్నుల చొప్పున 2,400 టన్నులు. మన వర్తకునికి ఒకటి రెండు పెట్టెల సరకుండుటయే గొప్ప. కిరాయి పెరిగినకొలది గనికూలి తగ్గును. కూలి తగ్గినచో వలసయే గతి.

అమెరికాలో 1980లో స్టాగర్సు చట్టము వచ్చిన పిమ్మట, పెద్ద కంపెనీలు నష్టమని విడిచిన కొమ్మమార్గములను చిన్న కంపెనీలు పెక్కింటిని గైకొన్నవి. అవి చిన్న వర్తకుని వాకిటికి తామే పోయి, ఒకటి రెండు పెట్టెల సరకైనను అడిగి, పోగుచేసి, పెద్ద మార్గమున కందించినవి. మనది కొమ్మమార్గము కాదు, అట్టి కంపెనీయు మనకు రానక్కరలేదు. ఆ పోగుచేయు పని వచ్చిన చాలును. పలకలు, మిరప, కందులు ఒక్కచోట జేర్చు గిడ్డంగి స్టేషనువద్ద నుండి, వారమున కొకనాడు కొన్ని పెట్టెలు నిలువవలెను. లారీ గుమ్మమువద్దకే వచ్చును, నిజమే. దూరదేశపు సరకునకు ఆ సుఖము ప్రియమైనది.

వట్టి మహజరులకు రైలువారు కదలరు. ఏ ఫ్యాక్టరీకి నెలకెన్ని టన్నులో మొదట వ్రాసి చూపవలెను. ఆ లెక్క కట్టుటకు మన పై తరగతుల విద్యార్థులే చాలుదురు.