బౌలింగ్ బంతికి రంధ్రాలు: ముందు కొలత, ఆ తర్వాతే డ్రిల్

బౌలింగ్ అనగానే మనకు క్రికెట్టే గుర్తొస్తుంది. ఇక్కడ చెబుతున్నది మాల్‌లలో పది పిన్నులను పడగొట్టే టెన్‌పిన్ బౌలింగ్ గురించి. అద్దె బంతి వదిలి సొంత బంతి కొనుక్కున్న ఆటగాడికి ఒక ప్రశ్న ఎదురవుతుంది: వేళ్ల రంధ్రాలు బంతి మీద ఎక్కడ వేయించాలి? చోటు మారిస్తే బంతి తిరిగే మలుపు మారుతుందని డ్రిల్లర్లు అంటారు. నిజమే. ఎంత మారుతుందన్న దగ్గరే అతిశయోక్తి మొదలవుతుందని నా అభిప్రాయం.

పోటీ బంతి లోపల కోర్ అనే బరువైన గుండు ఉంటుంది. అది పూర్తి గోళం కాదు. అందుకే బంతి జడత్వ భ్రామకం అన్ని అక్షాల చుట్టూ ఒకేలా ఉండదు. కోర్ పైకొస ఎటు ఉందో బంతి మీద ఒక చుక్క చూపుతుంది. దాన్నీ పిన్ అనే పిలుస్తారు, పేరుకు కరువొచ్చినట్టు! చెయ్యి వదిలిన క్షణంలో బంతి ఏ అక్షం చుట్టూ తిరుగుతుందన్నది ఆటగాడి చేతివాటాన్ని బట్టి ఉంటుంది. పిన్ చుక్క ఆ అక్షం కొస మీదే ఉన్నా, అక్కడి నుంచి పావు చుట్టు, అంటే 6.75 అంగుళాల దూరంలో ఉన్నా బంతి నిలకడగా తిరుగుతుంది. సరిగ్గా నడుమ, 3.375 అంగుళాల దగ్గర ఉంటే అక్షం బాగా జరుగుతుంది. అప్పుడు ప్రతి చుట్టులోనూ నూనె అంటని కొత్త ఉపరితలం నేలను తాకుతుంది. 60 అడుగుల లేన్‌లో సాధారణంగా మొదటి 40 అడుగుల వరకే నూనె పూస్తారు. ఆ తర్వాతి పొడి భాగంలో ఈ కొత్త ఉపరితలం నేలను గట్టిగా పట్టి బంతిని మలుపు తిప్పుతుంది.

కాబట్టి మీ అక్షం కొలవకుండా పేరున్న ఆటగాడి లేఅవుట్‌ను అడగడం, అతని కాలి కొలతతో మీకు చెప్పులు కుట్టించుకోవడమే.

ఇక ప్రభావం సంగతి. అమెరికా బౌలింగ్ సంఘం యూఎస్‌బీసీ నియమాల ప్రకారం బంతి గరిష్ఠ, కనిష్ఠ భ్రమణ వ్యాసార్థాల తేడా 0.06 అంగుళం మించరాదు. ఆ వ్యాసార్థమే సుమారు 2.5 అంగుళాలు. జడత్వ భ్రామకంలో ఇది దాదాపు 5 శాతం తేడా. లేఅవుట్ వాడుకునేది ఈ కొద్దిపాటి తేడానే. బంతి కదలికపై ఆ సంఘమే చేసిన అధ్యయనంలో ఉపరితలపు గరుకుదనం, ఘర్షణలే ముందు వరుసలో నిలిచాయి. గరుకుదనాన్ని ఉప్పుకాగితంతో నిమిషాల్లో మార్చవచ్చు, నచ్చకపోతే మళ్లీ నునుపు చేయవచ్చు. రంధ్రాన్ని అలా వెనక్కి తీసుకోలేం. పూడ్చి మళ్లీ తొలచవచ్చు గానీ అది రెండో ఖర్చు.

ఒకప్పుడు తప్పు జరిగితే బరువు సర్దడానికి అదనంగా ఇంకో రంధ్రం వేసేవారు. 2020 ఆగస్టు 1 నుంచి యూఎస్‌బీసీ పోటీల్లో దానికి అనుమతి లేదు. పక్క బరువు తేడాకు ఉన్న 1 ఔన్సు పరిమితిని మాత్రం 3 ఔన్సులకు పెంచారు. ఏళ్ల తరబడి దుకాణాల్లో ఔన్సుల లెక్కల మీద సాగిన వాదనలకు ఇదే జవాబు.

అద్దె ప్లాస్టిక్ బంతులకు ఈ చర్చే అక్కర్లేదు. వాటి కోర్ బలహీనం.

సొంత బంతికైతే అక్షం కొలవడం కష్టమేమీ కాదు. ఒకసారి విసిరితే బంతి మీద నూనె వలయాలు పడతాయి. మొదటి వలయానికి సమాన దూరంలో ఉన్న బిందువే మీ అక్షం కొస. మీరు విసరడం చూడకుండా, టేపు తీయకుండా ఎవరైనా డ్రిల్ చేతపడితే, బంతి తీసుకుని ఇంకో దుకాణానికి వెళ్లండి.