పైలట్ నిద్ర ఎవరి సొమ్ము?

2025 డిసెంబర్ మొదటి వారంలో మన దేశ విమానాశ్రయాలు పండుగనాటి బస్టాండ్లను తలపించాయి. ఇండిగో సంస్థ విమానాలు వరుసగా రద్దయ్యాయి. డిసెంబర్ 5వ తేదీ ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు ఎగరలేదు. శంషాబాద్‌లోనూ ప్రయాణికులు గంటల తరబడి పడిగాపులు కాశారు. శుభకార్యానికి బయలుదేరినవారైనా, చావు కబురు విని బయలుదేరినవారైనా అందరిదీ ఒకటే అవస్థ.

ఎందుకిలా జరిగిందని అడిగితే చాలామంది నోట వచ్చిన జవాబు ఒక్కటే: పైలట్లకు విశ్రాంతి పెంచారట, అందుకే విమానాలు ఆగిపోయాయట! ఈ మాటలో నిజం సగమే. మిగతా సగం తెలుసుకోకపోతే, తప్పు చేసినవారిని వదిలేసి అలసిపోయినవారిని నిందించినవారమవుతాము.

ఆ నిబంధనలు రాత్రికి రాత్రి ఊడిపడినవి కావు. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ వాటిని 2024 జనవరిలోనే ప్రకటించింది. పైలట్‌కు వారానికి ఏకబిగిన 36 గంటలున్న విశ్రాంతి 48 గంటలయింది. అర్ధరాత్రి నుండి ఉదయం 5 వరకు లెక్కించే 'రాత్రి వేళ'ను 6 వరకు పొడిగించారు. రాత్రి డ్యూటీలో ఆరుసార్లు విమానం దించే వీలుండగా దాన్ని రెండుకు తగ్గించారు. అదే ఏడాది జూన్‌లో అమలు కావలసిన ఈ మార్పులు సంస్థల అభ్యంతరాలతో వాయిదా పడ్డాయి. పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టు తలుపు తట్టాయి. చివరకు 2025 జూలై, నవంబర్ నెలల్లో రెండు విడతలుగా అవి అమలులోకి వచ్చాయి. అంటే సంస్థలకు దొరికిన వ్యవధి దాదాపు రెండేళ్లు. అంచనాల్లో, ఏర్పాట్లలో పొరపాటు జరిగిందని చివరకు ఇండిగో స్వయంగా ఒప్పుకుంది.

తరువాత జరిగినది మరింత ఆలోచించవలసిన విషయం. దేశంలో విమానమెక్కే ప్రతి పదిమందిలో ఆరుగురికి పైగా ఈ ఒక్క సంస్థ విమానాలే ఎక్కుతున్నారు. అది ఆగితే దేశమే ఆగినట్లయింది. ప్రభుత్వం టికెట్ల ధరలకు పరిమితి విధించింది, బాగానే ఉంది. కాని అదే సమయంలో రాత్రి డ్యూటీల నిబంధనల నుండి ఆ సంస్థకు 2026 ఫిబ్రవరి 10 వరకు మినహాయింపు కూడా ఇచ్చింది. పైలట్ పెట్టుకున్న సెలవును వారపు విశ్రాంతి కింద జమకట్టరాదన్న నియమాన్నైతే అన్ని సంస్థల కోసమూ వెనక్కు తీసుకుంది. సిద్ధపడనివారికి సడలింపు దొరికింది. ఆ సడలింపు భారం మాత్రం పైలట్ కనురెప్పల మీద పడింది.

'లక్షల జీతాలు తీసుకునేవారికి మన సానుభూతి దేనికి?' అని పాఠక సోదరులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ జీతం లెక్క ఎలా ఉంటుందో కొంత తెలుసుకోవాలి. అందులో పెద్ద భాగం ఎగిరిన గంటలను బట్టి వస్తుంది. ఇన్ని గంటలకు జీతం ఖాయమని సంస్థ ముందు హామీ ఇస్తుంది, ఆపైన ఎగిరిన ప్రతి గంటకూ విడిగా కడుతుంది. 2024 ఏప్రిల్‌లో విస్తారా సంస్థలో అలజడి పుట్టింది ఇక్కడే. ఎయిర్ ఇండియాలో విలీనానికి ముందు కొత్త ఒప్పందం తెచ్చి, హామీ గంటలను 70 నుండి 40కి తగ్గించారు. పైలట్లు పెద్ద సంఖ్యలో అనారోగ్య సెలవులు పెట్టారు. సంస్థ రోజుకు పాతిక ముప్పై విమానాలు తగ్గించుకోవలసి వచ్చింది. హామీ తగ్గినకొద్దీ ఎగిరితేనే రాబడి. ఇటువంటి లెక్కలో 'నేడు నా ఒంట్లో ఓపిక లేదు, విమానం నడపలేను' అని నిజం చెప్పిన పైలట్ తన జేబుకే చిల్లు పెట్టుకుంటాడు. నిజం చెబితే నష్టం, దాచితే లాభం అనే ఏర్పాటు ఏ రంగంలో ఉన్నా అది ప్రమాదకరమే.

దారుల మార్పు మరో భారం. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన గగనతలాన్ని భారత విమానాలకు మూసివేసింది. మన దేశం కూడా అదే నెల 30న ఆ దేశ విమానాలకు మూసివేసింది. ఢిల్లీ నుండి ఐరోపా, అమెరికా వెళ్ళే విమానాలు చుట్టుతిరిగి పోవలసి వచ్చింది. ఇండిగో ఢిల్లీ నుండి అల్మాటీ, తాష్కెంట్ నగరాలకు నడిపే విమానాలను ఆపుకుంది. ప్రభుత్వాల మధ్య వైరం పెరిగితే ఇంధనం ఖర్చు సంస్థకు పెరుగుతుంది, అది అందరూ లెక్కవేస్తారు. మెలకువగా ఉండవలసిన గంటలు పైలట్‌కు పెరుగుతాయి, అది ఎవరి లెక్కలోకీ రాదు.

నిద్ర ఎంత బలమైనదో తెలియాలంటే 2010 మే 22 నాటి మంగళూరు ప్రమాదాన్ని గుర్తు చేసుకోవాలి. దుబాయి నుండి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం ఉదయం 6 గంటలు దాటిన కొద్దిసేపటికే రన్‌వే దాటి లోయలో పడింది. 158 మంది మరణించారు, ఎనిమిదిమంది బతికారు. కెప్టెన్ దారిలో చాలాసేపు నిద్రపోయాడని, మేల్కొన్న కొద్ది సమయానికే విమానం దించవలసి రావడంతో ఆ మత్తు అతని నిర్ణయంపై ప్రభావం చూపి ఉండవచ్చని విచారణ సంఘం పేర్కొంది. గమనించదగిన విషయమేమంటే, ప్రయాణానికి ముందు అతనికి తగిన విశ్రాంతి వ్యవధి ఉన్నదని కూడా అదే సంఘం చెప్పింది. కాగితం మీది గంటలు ఒకటి, తెల్లవారుజామున శరీరం అడిగేది మరొకటి. సహరీకి లేచేవారికి, ఫజ్ర్ నమాజుకు కళ్లు నులుముకుంటూ నడిచేవారికి ఆ ఘడియల బరువు ఒకరు చెప్పనక్కరలేదు. కొత్త నియమాలు రాత్రి వేళను 6 గంటల వరకు పొడిగించడంలోని మర్మం ఇదే.

గల్ఫ్‌లో కష్టపడి ఇంటికి డబ్బు పంపే మన పిల్లలు, హజ్‌కూ ఉమ్రాకూ బయలుదేరే మన పెద్దలు ఎక్కే విమానాలు చాలా వరకు రాత్రివేళవే. వారు కలిమా చదువుకుని కళ్లు మూసుకునేది, ముందు కూర్చున్నవాడు కళ్లు తెరిచి ఉంటాడన్న నమ్మకంతోనే. ఈ నమ్మకాన్నే మనం అమానత్ అంటాము.

ఇస్లాం ఈ విషయంలో ఎంత దూరం ఆలోచించిందో చూడండి. నమాజులో కునుకు ముంచుకువస్తే, ఆ నిద్ర తీరేవరకు పడుకోమని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు. హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. మత్తులో మనిషి క్షమాపణ వేడుకోబోయి తనను తానే శపించుకోవచ్చునన్నది అందులోని కారణం. అల్లాహ్ సన్నిధిలో నిలబడినవాడికే నిద్ర విషయంలో ఇంత వెసులుబాటు ఉంటే, వందల ప్రాణాలను మోసుకుపోయేవాడికి ఎంత ఉండాలి?

పని ఒప్పందం ఎలా ఉండాలో కూడా దివ్య ఖుర్ఆన్ చూపింది. మద్యన్‌లో హజ్రత్ మూసా (అలైహిస్సలాం)ను కొలువులో పెట్టుకున్న వృద్ధుడు ఎనిమిదేళ్ల గడువు ముందే చెప్పాడు. పది పూర్తిచేయడం మూసా ఇష్టానికి వదిలాడు. ఆయన్ను కష్టపెట్టే ఉద్దేశం తనకు లేదనీ స్పష్టం చేశాడు. హద్దు ముందే తేలింది, అదనపు పని మనస్ఫూర్తిగా చేసేది అయింది. కొలువు ఇచ్చేవాడే హద్దును మధ్యలో జరిపితే అది ఒప్పందం కాదు, జులుం.

పైలట్లకూ ఒక మాట చెప్పాలి. ఒప్పందం వారినీ కట్టివేస్తుంది. జ్వరం లేకుండా జ్వరమని సెలవుపెట్టి ప్రయాణికులను నడిమధ్యలో వదలడం న్యాయపోరాటం అనిపించుకోదు. దానివల్ల నిజంగా అలసినవాడి మాటనూ ఎవరూ నమ్మరు. చెప్పవలసినది సంఘం ద్వారా, న్యాయస్థానం ద్వారా బాహాటంగా చెప్పే మార్గం ఉంది. విశ్రాంతి నియమాలను సాధించింది ఆ మార్గమే.

ఇక ప్రభుత్వం సంగతి. ధరలను సడలించవచ్చు, పన్నులను సడలించవచ్చు, అవి ప్రభుత్వం చేతిలోనివి. పైలట్ విశ్రాంతి అటువంటిది కాదు. అది సంస్థ దయతో ఇచ్చే బహుమతి కాదు, అధికారి సంతకంతో మాఫీ చేసే బాకీ అంతకన్నా కాదు. అది ప్రయాణికుని సొమ్ము, పైలట్ దగ్గర ఉంచిన అమానత్. సొంతదారుని అడగకుండా దాన్ని మరొకరికి ధారపోసే హక్కు ఎవరికీ లేదు. సిబ్బంది చాలని సంస్థ విమానాలను తగ్గించుకోవాలి గాని నిద్రను తగ్గించరాదు.

ఈ తీర్పు ఆకాశంలో తిరిగేవారికే కాదు, మనకూ వర్తిస్తుంది. రాత్రంతా లారీ నడిపిన డ్రైవరును తెల్లవారగానే మరో లోడుకు పంపే యజమాని మనలోనూ ఉన్నాడు. పెళ్లి బృందాన్ని దించి వచ్చిన డ్రైవరును నిద్రపోనివ్వకుండా వెంటనే తిరుగు ప్రయాణం కట్టించే పెద్దమనిషీ ఉన్నాడు. ఈసారి బండి ఎక్కేముందు డ్రైవరును ఒక్క మాట అడుగుదాం: 'నాయనా, రాత్రి పడుకున్నావా?' లేదంటే రెండు గంటలు ఆగుదాం. అల్లాహ్ మనందరికీ అమానత్‌ను కాపాడే బుద్ధిని ప్రసాదించుగాక. ఆమీన్.