బ్యాంకాక్ రాత్రులు: బార్ నాలుగింటి దాకా, రైలు పన్నెండింటి దాకా

థాయ్‌లాండ్ ప్రభుత్వం 2023 డిసెంబరు 15 నుంచి బ్యాంకాక్, పట్టాయా, ఫుకెట్, చియాంగ్ మాయ్, కో సముయ్‌లలో పబ్బులు, క్లబ్బులను తెల్లవారుజామున 4 గంటల దాకా నడుపుకోనిచ్చింది. వినోద కేంద్రాలుగా లైసెన్స్ ఉన్నవాటికే ఈ వెసులుబాటు. దానికి నెల ముందే భారతీయులకు వీసా మినహాయింపు కూడా ఇచ్చింది.

మరి రైళ్ల సంగతి? బ్యాంకాక్‌లో బీటీఎస్ స్కైట్రైన్, ఎంఆర్‌టీ మెట్రో రెండూ అర్ధరాత్రి ప్రాంతంలో ఆగిపోతాయి. మళ్లీ ఎక్కాలంటే తెల్లవారాల్సిందే. అందుకే ఏ వీధి సందడిగా ఉంటుందన్నది కాదు, అక్కడి నుంచి గదికి ఎలా చేరతారన్నది ముందు చూసుకోవాలి.

రెండు దశాబ్దాల కిందట బ్యాంకాక్‌లో పట్‌పాంగ్, ఆర్‌సీఏ, రచ్చడాపిసెక్ ప్రాంతాలను వినోద జోన్లుగా ప్రకటించారు. వీటిలో పట్‌పాంగ్ పక్కనే సాలా డేంగ్ స్టేషన్ ఉంది. రచ్చడాపిసెక్ రోడ్డు కిందే మెట్రో నడుస్తుంది. డ్యాన్స్ క్లబ్బులకు పేరున్న ఆర్‌సీఏకు మాత్రం స్టేషన్ నుంచి చాలా దూరం నడవాలి.

విచిత్రం ఏమిటంటే, పర్యాటకులు ఎగబడే ఖావో సాన్ రోడ్డు, సుఖుంవిత్ ఈ మూడింటిలో లేవు. ఖావో సాన్‌కు దగ్గరలో రైలే లేదు. 2019లో తెరిచిన సామ్ యోట్ స్టేషన్ నుంచీ దాదాపు రెండు కిలోమీటర్లు. పగలు రాజప్రాసాదం, గుళ్లు చూసి, రాత్రి అక్కడే బస చేసేవారికైతే ఇది పనికొస్తుంది. వేరేచోట గది తీసుకుని రాత్రికి ఇక్కడికి వస్తే తిరుగు ప్రయాణం టాక్సీవాళ్ల దయ. మీటరు 35 బాత్‌లతో మొదలవ్వాలి. కానీ అర్ధరాత్రి దాటాక మీటరు వేయకుండా, నోటికొచ్చిన రేటు చెప్పేవాళ్లే ఎక్కువ. టుక్‌టుక్‌లకు అసలు మీటరే ఉండదు. అప్పుడు గ్రాబ్ యాప్ మేలు, ఛార్జీ ఎంతో ముందే తెలుస్తుంది.

మొదటిసారి వెళ్లేవారికి మా సలహా సుఖుంవిత్‌లో అసోక్, నానా స్టేషన్ల మధ్య బస. అక్కడ రైలు తప్పిపోయినా నడిచి గదికి చేరొచ్చు. గది అద్దె కాస్త ఎక్కువైనా టాక్సీ ఖర్చు మిగులుతుంది.

పట్‌పాంగ్‌లో మేడ మీది షోలకు రమ్మని పిలిచేవారి వెంట వెళ్లొద్దు. చెప్పిన ధర ఒకటి, బిల్లులో వచ్చేది ఇంకొకటి. గొడవైతే టూరిస్ట్ పోలీసు నంబరు 1155కు ఫోన్ చేయండి. ఇంగ్లిష్‌లో మాట్లాడతారు. ఈ-సిగరెట్లు మాత్రం ఇంట్లోనే వదిలి వెళ్లండి, థాయ్‌లాండ్‌లో వాటిపై నిషేధం ఉంది.